జలపాతాల దారిలో ఏ సామాను నిలబడుతుంది: బూట్ల నుంచి ఈల దాకా ఒక సమీక్ష

వారాంతంలో స్నేహితులతో కలిసి జలపాతాలు చూడడానికి వెళ్లే నడక మామూలు కొండ నడకలా ఉండదు. కొండ మీద వాన పడితేనే తడుస్తాం. ఇక్కడ ఆకాశం తేటగా ఉన్నా తడుస్తాం. వాగు దాటేటప్పుడు కింద నుంచి, ధార దగ్గరికి వెళ్తే తుంపరగా పక్క నుంచి, రాత్రి టెంటులో గాలిలోని తేమ నుంచి నీళ్లు వస్తూనే ఉంటాయి. కాబట్టి సామాను ఎంచుకునే లెక్క కూడా మారుతుంది. ఈ సమీక్ష రెండు పగళ్లు, ఒక రాత్రి, నలుగురు మనుషుల లెక్కన రాసింది. ఎవరి బ్యాగు వాళ్లు మోస్తారు. టెంట్లు, స్టవ్వు, నీళ్ల ఫిల్టర్లు పంచుకుంటారు.

తీర్పు ముందే చెప్పేస్తాం. 'వాటర్‌ప్రూఫ్' అని అట్టపెట్టె మీద రాసి అమ్మే వస్తువుల్లో చాలావాటికి ఈ దారిలో పెద్దగా పని లేదు. పొడిగా ఉండి తీరాల్సినవి నాలుగే: స్లీపింగ్ బ్యాగు, రాత్రికి ఒక జత బట్టలు, ఫోను, మందుల డబ్బా. వీటికి చుక్క నీరు కూడా చొరబడని రక్షణ కావాలి. మిగతావన్నీ ఎలాగూ తడుస్తాయి. వాటిని కొనేటప్పుడు నీటిని ఎంత బాగా ఆపుతాయని కాకుండా, ఎంత తొందరగా వదిలేస్తాయని చూడాలి. ఈ కొలత పెట్టుకుంటే ఖరీదైనవి కొన్ని వెనకబడతాయి, సాదాసీదావి కొన్ని ముందుకొస్తాయి.

కాళ్లకు

ఎక్కువ మంది తప్పుగా కొనేది బూట్లే. చీలమండ పైదాకా వచ్చే, లోపల నీటిని ఆపే గోర్‌టెక్స్ పొర ఉన్న బూటునే దుకాణాల్లో గట్టిగా సిఫారసు చేస్తారు. ఆ పొర పనితనంలో లోపం లేదు. సాగదీసిన ప్లాస్టిక్‌తో చేసే ఆ పొరలో రంధ్రాలు నీటి బొట్టు కన్నా వేల రెట్లు చిన్నవి, ఆవిరి అణువు కన్నా చాలా పెద్దవి. అందుకే తడి గడ్డిలో, పల్చటి బురదలో, మంచులో నడిచేటప్పుడు బయటి నీటిని ఆపుతుంది, లోపలి చెమటను ఆవిరిగా కొంత పోనిస్తుంది. అయితే వాగులో మోకాలి లోతు దిగినప్పుడు నీళ్లు వచ్చేది పొరలోంచి కాదు, పైనున్న మూతిలోంచి. అలా వచ్చాక, బయటి నీటిని ఆపిన పొరే లోపలి నీటిని కూడా పట్టి ఉంచుతుంది. బూటు బకెట్టు అవుతుంది. లోపలి మెత్తలు నీళ్లు పీల్చి బరువెక్కుతాయి. ఎండ దిగని లోయలో రాత్రంతా విప్పి పెట్టినా తెల్లారేసరికి ఆరవు. రెండో రోజు నడక తడి బూటుతోనే మొదలవుతుంది. నాని మెత్తబడిన చర్మం ఒరుసుకుని మడమ మీద, బొటనవేలి పక్కన బొబ్బలు లేస్తాయి.

మా ఓటు పొర లేని మెష్ (జాలీ గుడ్డ) ట్రెయిల్ షూకి. వాగు దాటి ఒడ్డెక్కాక అడుగు వేసిన ప్రతిసారీ నీళ్లు పక్కల నుంచి పిండినట్టు బయటికి పోతాయి. పావుగంట నడిచేసరికి తడి మిగులుతుంది గానీ నిలవ నీరు ఉండదు. జత బరువు 550 నుంచి 700 గ్రాములు. పొర ఉన్న బూట్లు తరచు కిలో దాటుతాయి, తడిస్తే ఇంకా పెరుగుతాయి. ప్రతి అడుగులో ఎత్తాల్సిన బరువు కాబట్టి ఈ తేడా సాయంత్రానికి మోకాళ్లకు తెలుస్తుంది.

కొన్న షూ నీటిని ఎంతగా వదులుతుందో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. రెండు షూల్లోనూ చెరో గ్లాసు నీళ్లు పోసి, సాక్సులతో సహా వేసుకుని పది నిమిషాలు నడవండి. ఇంకా చప్పుడవుతుంటే ముందు భాగంలోని మెత్తలు మందంగా ఉన్నాయని అర్థం. ఒకే మోడల్ పొర ఉన్నదీ లేనిదీ రెండు రకాలుగా దొరుకుతుంది. పేరు చివర జీటీఎక్స్ అని ఉంటే అది పొర ఉన్నది. ఈ ఒక్క ముక్క చూసుకోక చాలామంది వేరేది తెచ్చుకుంటారు.

ఈ తీర్పుకు హద్దులున్నాయి. బ్యాగు బరువు 14, 15 కిలోలు దాటితే, లేదా చీలమండ ఇంతకు ముందే బెణికి బలహీనంగా ఉంటే, ఎత్తు బూటే మేలు. అప్పుడు కూడా పొర లేని గుడ్డ బూటు వెతకండి. నీళ్లు గడ్డకట్టేంత చల్లగా ఉండే చోట మెష్ షూ లోపల రెండు మూడు మిల్లీమీటర్ల నియోప్రీన్ సాక్సులు వేసుకోవాలి. దారిలో మంచు పేరుకుని ఉంటే మా సిఫారసు తలకిందులవుతుంది, అక్కడ గోర్‌టెక్సే సరైనది. ఇక చెప్పుల మాట: పట్టీల శాండల్‌లో ప్రతి వాగు దగ్గరా గులకరాళ్లు పాదం కిందికి చేరతాయి, వేళ్లకు రాళ్లు తగులుతాయి. తొడుక్కుని వదిలేసే రబ్బరు చెప్పులను ప్రవాహం లాగేస్తుంది. మకాం దగ్గర వేసుకోవడానికి తప్ప అవి వద్దు.

షూ పైభాగం సంగతి ఇలా ఉంటే, ప్రాణాలకు సంబంధించినది అడుగు అట్ట. 1935లో ఇటలీ ఆల్ప్స్‌లో పర్వతారోహకుడు విటాలే బ్రమాని సహచరులు ఆరుగురు చనిపోయారు. సరైన పాదరక్షలు లేకపోవడం అందులో ఒక కారణమని భావించిన ఆయన, 1937లో గాడులున్న రబ్బరు అట్ట తెచ్చాడు. వైబ్రమ్ అనే అట్టల సంస్థ అలా మొదలైంది. కానీ షూ కింద పసుపు రంగు వైబ్రమ్ గుర్తు కనబడగానే సరిపోదు. ఆ సంస్థ రబ్బరు మిశ్రమాలు చాలా తయారు చేస్తుంది. కొన్ని అరగకుండా ఉండేందుకు గట్టిగా ఉంటాయి, అవి తడి రాతి మీద జారతాయి. మీరు చూడాల్సిన పేరు మెగాగ్రిప్. మెత్తగా ఉండి తడి రాతిని కరుచుకుంటుంది. దానికి తగ్గట్టే తారు రోడ్డు మీద రోజూ వాడితే తొందరగా అరుగుతుంది. కాబట్టి ఆ షూను దారి మొదలయ్యే దగ్గరే తొడుక్కోవడం మంచిది. వేరే కంపెనీలకూ ఇలాంటి మెత్తటి మిశ్రమాలున్నాయి. బొటనవేలి గోరుతో గాడుల మధ్య రబ్బరును నొక్కితే కొద్దిగా దిగి తిరిగి లేవాలి. రాయిలా ఉంటే వదిలేయండి.

గాడుల లోతు నాలుగైదు మిల్లీమీటర్లు ఉంటే బురద ఎత్తుల్లో బాగా పనిచేస్తుంది. నున్నటి రాతి మీద లోతైన గాడుల వల్ల లాభం లేదు. అక్కడ రాతికి ఎంత రబ్బరు తాకుతోందన్నదే లెక్క, లోతుగా, వెడల్పుగా గాడులుంటే తాకే రబ్బరు తగ్గిపోతుంది. ఇంకొక మాట, ఇది ఏ కంపెనీ ప్రకటనలోనూ కనిపించదు: పాచి పట్టిన రాతి మీద ఏ రబ్బరూ నిలవదు. నల్లగా, ఆకుపచ్చగా మెరిసే రాయిని దాటేసి, గరుకుగా వెలిసినట్టున్న రాయి మీద కాలు పెట్టాలి. పాదం మొత్తం ఆనేలా, చిన్న అడుగులతో, బరువు నేరుగా పాదం మీద పడేలా నడవాలి. పాచి మీద పట్టుకునేది జాలర్లు వాడే ఫెల్టు అట్ట. కానీ అది బురదలో జారిపోతుంది, పైగా ఒక వాగులోని నాచును ఇంకో వాగుకు మోసుకెళ్తుంది. ఆ కారణంతోనే న్యూజిలాండ్ 2008లో దాన్ని నిషేధించింది. నడకకు అది పనికిరాదు.

సాక్సులు మూడు జతలు. రెండు నడకకు, ఒకటి రాత్రికి మాత్రమే. నూలు సాక్సులు నీళ్లు పీల్చి వదలవు, కాబట్టి తీసుకోవద్దు. మెరినో ఉన్ని, నైలాన్ కలిసిన పల్చటివి తడిసినా వెచ్చదనం నిలుపుతాయి. మకాం చేరగానే పాదాలు తుడిచి, గంటసేపు గాలికి వదిలి, ఆ మూడో జత వేసుకోవాలి. అది ఎట్టి పరిస్థితుల్లోనూ తడి షూలోకి వెళ్లకూడదు. రాత్రి షూ లోపలి అట్టలు తీసి విడిగా ఆరబెట్టడం మర్చిపోవద్దు, నీళ్లన్నీ దాచుకునేవి అవే.

బ్యాగు, దాని లోపలి సంచి

ఒక రాత్రికి 40 నుంచి 50 లీటర్ల బ్యాగు చాలు. నీళ్లు, తిండి కలిపి తొమ్మిది నుంచి పదకొండు కిలోల మధ్య ఆగాలి. బ్యాగుతో పాటు వచ్చే రెయిన్ కవర్‌ను చాలామంది నమ్ముకుంటారు. మేం దాన్ని ఇంట్లోనే వదిలేయమంటాం. అది బ్యాగు బయటి ముఖాన్ని మాత్రమే కప్పుతుంది. వాన నీరు మెడ మీదుగా వీపుకూ బ్యాగుకూ మధ్య జారి, అక్కడి మెత్తల్లోంచి లోపలికి దిగుతుంది. ముళ్లకొమ్మకు తగిలితే చిరుగుతుంది. గాలికి ఊడిపోతుంది. అన్నిటికన్నా చెడ్డ విషయం, వాగులో నడుము లోతు దిగితే కవర్ నీళ్లను పట్టుకుని ప్రవాహం దిశలో బ్యాగును లాగుతుంది.

దాని బదులు బ్యాగు లోపల మందమైన పాలిథిన్ సంచి ఒకటి వేయండి. 50 లీటర్ల బ్యాగుకు 60, 70 లీటర్ల సంచి ఉండాలి, మూతి మెలిపెట్టడానికి ఆ అదనం కావాలి. మందం 50 మైక్రాన్లకు తగ్గకూడదు. మామూలు చెత్త సంచులు అందులో సగం కూడా ఉండవు, స్లీపింగ్ బ్యాగు కుక్కుతుండగానే పగులుతాయి. సంచి అడుగున స్లీపింగ్ బ్యాగు, దాని మీద రాత్రి బట్టలు పెట్టి, మోకాలితో నొక్కి గాలి తీసి, మూతిని తాడులా మెలిపెట్టి, మడిచి, రబ్బరు బ్యాండు వేయాలి. తడి టెంటు, స్టవ్వు, తిండి ఆ సంచి పైన. జాకెట్టు, ఫిల్టరు బయటి జేబులో. ఇలా సర్దిన బ్యాగు నీళ్లలో పడినా కాసేపు తేలుతుంది కాబట్టి వెంటపడి అందుకోవచ్చు. బరువు పెద్దగా లేదు, ఖర్చు దాదాపు లేదు. ఈ సమీక్షలో అన్నిటికన్నా ఎక్కువ మార్కులు ఈ పాలిథిన్ సంచికే.

ఫోనుకు, మందులకు మూతి చుట్టే డ్రై బ్యాగు చిన్నది చాలు, రెండు మూడు లీటర్లది. అది కారిందంటే లోపం ఎక్కువసార్లు చుట్టిన తీరులోనే ఉంటుంది. గాలి తీసి, రెండు అంచులు సమంగా కలిపి, కనీసం మూడు చుట్లు చుట్టాకే బకిల్ పెట్టాలి. నిండా కుక్కేస్తే మూడు చుట్లకు చోటుండదు. మడతలో గుడ్డ అంచో తాడో ఇరుక్కుంటే అక్కడి నుంచే నీరు దారి చేసుకుంటుంది. బయల్దేరే ముందు గాలి నింపి చుట్టి, బాల్చీ నీళ్లలో ముంచి నొక్కి చూడండి, బుడగలు వస్తే కుట్టు దగ్గర చిల్లి ఉన్నట్టే. ఇక నీటిని ఎంత తట్టుకుంటుందో చెప్పడానికి ఫోను మీద రాసి ఉండే ఐపీ68 అంకె నిశ్చలంగా ఉన్న మంచినీళ్లలో చేసిన పరీక్షది. వేగంగా పడే ధార కింద అది హామీ ఇవ్వదు. చార్జింగ్ రంధ్రం తడిగా ఉండగా కేబుల్ పెట్టకూడదు.

బ్యాగు కొనేటప్పుడు రెండు చిన్న విషయాలు చూడండి. అడుగున నీరు కారిపోయే రంధ్రం ఉందా? లేకపోతే సంచికీ బ్యాగు గుడ్డకూ మధ్య నీళ్లు నిలుస్తాయి, లీటరు నిలిస్తే కిలో బరువు. నడుము పట్టీ బకిల్ తడి చేత్తో, ఒంటి చేత్తో ఊడుతుందా? వాగు దాటే ముందు నడుము పట్టీ, ఛాతీ పట్టీ రెండూ విప్పి ఉంచుకోవాలి. కాలు జారితే బ్యాగును వదిలించుకోవడానికి క్షణాలే ఉంటాయి. నీటి వేగం రెట్టింపైతే కాళ్ల మీద తోపుడు నాలుగింతలవుతుంది, కాబట్టి మోకాలు దాటిన వేగపు నీటిలో ఎంత మంచి సామాను ఉన్నా దిగొద్దు. జలపాతం పైఅంచుకు దగ్గరగా, లోతు తక్కువగా కనిపించినా సరే, దాటొద్దు. జారిన మనిషికి అక్కడ రెండో అవకాశం ఉండదు.

తాగే నీళ్లు

అంత ఎత్తు నుంచి పడి, రాళ్లకు కొట్టుకుని, నురగలెత్తే నీళ్లు శుభ్రంగానే ఉంటాయని చాలామంది నమ్ముతారు. నీటిలో గాలి కలిసినంత మాత్రాన క్రిములు చావవు. ధార పైన పశువులు తాగే మడుగులుండవచ్చు, ఊళ్లుండవచ్చు. ఫిల్టరు తప్పనిసరి.

తేలికైన వాటిలో పోటీ సాయర్ స్క్వీజ్‌కూ కాటడిన్ బీఫ్రీకీ మధ్యే. రెండింటిలోనూ బోలు దారాల పొర ఉంటుంది, వడపోత 0.1 మైక్రాన్. విరేచనాలు తెచ్చే జియార్డియా, క్రిప్టోస్పోరిడియం అనే క్రిములు కొన్ని మైక్రాన్ల పరిమాణంలో ఉంటాయి, బ్యాక్టీరియా సుమారు అర మైక్రాన్ నుంచి రెండు మైక్రాన్లు. ఇవన్నీ ఆగిపోతాయి. బీఫ్రీ తేలిక, మూతి వెడల్పు, కొత్తలో నీరు ధారగా వస్తుంది. ఎండాకాలపు తేట నీళ్లకు అదే హాయి. సాయర్ 85 గ్రాములు, కాస్త నిదానం. అయినా జలపాతాల దారికి మేం సాయర్‌నే ఎంచుకుంటాం. కారణం శుభ్రం చేసే పద్ధతి. వానల తర్వాత జలపాతం చూడ ముచ్చటగా ఉంటుంది, సరిగ్గా అప్పుడే నీటిలో ఒండ్రు ఎక్కువ. ఒండ్రు దారాల రంధ్రాలను పూడుస్తుంది. బీఫ్రీని నీళ్లలో ఆడించి, కుదిపి కడగడమే మార్గం. సాయర్‌ను సిరంజితో వెనక నుంచి బలంగా నీళ్లు ఎక్కించి కడగవచ్చు, పూడిక బాగా వదులుతుంది. పైగా దాని మరలు 28 మిల్లీమీటర్ల మామూలు కూల్‌డ్రింక్ సీసాకు సరిపోతాయి. దానితో వచ్చే సంచిని ఆత్రంగా పిండితే మెడ దగ్గర అతుకు విడిపోయే ప్రమాదం ఉంది. ఆ దారిలో సీసా దొరకడం తేలిక, సంచి దొరకడం కష్టం.

బురద నీళ్లు నేరుగా ఫిల్టరుకు పెట్టకండి. గిన్నెలో గంట, రెండు గంటలు కదపకుండా ఉంచి, పైతేట మాత్రం గుడ్డలోంచి వంపుకోవాలి. నాలుగు లీటర్లకు చెంచాలో ఎనిమిదో వంతు పటిక పొడి కలిపి తిప్పితే ఇంకా తొందరగా తేరుతుంది. నీళ్లు పట్టేది ధార కింద కాకుండా పక్క నుంచి వచ్చే సన్నటి పాయలో అయితే ఒండ్రు తక్కువ, కాలు జారే భయమూ తక్కువ.

ఈ ఫిల్టర్లు వైరస్‌లను ఆపలేవు. పైన జనావాసాలుంటే వడపోసిన నీళ్లలో క్లోరిన్ డయాక్సైడ్ మాత్ర వేయాలి. మాత్ర ఒక్కదాన్నే నమ్ముకుంటే క్రిప్టోస్పోరిడియం చావడానికి నాలుగు గంటలు పడుతుంది. ముందే వడపోస్తే అది ఫిల్టరులోనే ఆగిపోతుంది కాబట్టి అరగంట చాలు. రెండూ కలిపి వాడడంలో అసలు లాభం ఇదే. మరిగించడమైతే తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం, సుమారు 2000 మీటర్ల ఎత్తు పైన మూడు నిమిషాలు.

ఫిల్టరును చంపేవి రెండు. ఒకసారి తడిసిన ఫిల్టరు గడ్డకడితే లోపలి దారాలు పగులుతాయి. బయటికి ఏమీ కనిపించదు, నీళ్లూ మామూలుగానే వస్తాయి, క్రిములు కూడా వస్తాయి. చలి ప్రదేశాల్లో దాన్ని చిన్న సంచిలో పెట్టి స్లీపింగ్ బ్యాగులో పక్కన పెట్టుకోవాలి. రెండోది గట్టి రాతి మీద పడడం. ఇవి కాక, మూతి లోపలి రబ్బరు వాషర్ ఊడి పోయిందంటే వడపోయని నీళ్లు పక్క నుంచి సీసాలోకి కారతాయి. అదనంగా రెండు వాషర్లు వెంట ఉంచుకోండి. నలుగురికి ఒకే ఫిల్టరు చాలదు. ఒకటి పూడుకుపోతే అందరూ ఆగిపోవాలి, కాబట్టి రెండు.

రాత్రి మకాం

టెంటు ఏ కంపెనీదన్న దాని కన్నా ఎక్కడ వేశామన్నదే ఎక్కువ ముఖ్యం. పడే నీరు గాలిని కిందికి ఈడ్చి చుట్టూ తోస్తుంది. ఆ గాలి తుంపరను మోసుకొస్తుంది. ధార ఎదురుగా, దృశ్యం బాగుందని వేసిన టెంటు రాత్రంతా తడుస్తూనే ఉంటుంది. లోయ వంపు తిరిగి, ధార కనిపించని చోటు చూసుకోండి. నీటికి కనీసం 60 మీటర్ల దూరం ఉండాలి. అంతకన్నా ముఖ్యం ఎత్తు. చుట్టూ చెట్ల కొమ్మలకు ఎండుగడ్డి, చెత్త చిక్కుకుని ఉంటే కిందటి వరద అక్కడిదాకా వచ్చిందని గుర్తు. టెంటు ఆ గీతకు బాగా పైన ఉండాలి. నీరు ఉన్నట్టుండి ఎర్రబడినా, ఆకులు, కొమ్మలు కొట్టుకొస్తున్నా, మట్టం హఠాత్తుగా తగ్గినా, టెంటును వదిలి పైకి ఎక్కేయాలి. పైన ఎక్కడో కురిసిన వాన ఇక్కడ చినుకు పడకుండానే వరదగా దిగుతుంది.

టెంటు గుడ్డ మీద 1500, 3000 అని మిల్లీమీటర్లలో అంకెలుంటాయి. అంత ఎత్తు నీటి స్తంభం నిలబెట్టినా కారదని అర్థం. పైకప్పుకు 1500 సరిపోతుంది. నేల గుడ్డ మీద మోకాళ్లు ఆనిస్తాం కాబట్టి దానికి 3000 ఉంటే మంచిది. ఈ అంకెలకు జనం అవసరానికి మించి విలువిస్తారు. లోయలో రాత్రి మనల్ని తడిపేది ఎక్కువగా మన ఊపిరి ఆవిరే. చల్లబడిన గుడ్డకు తగిలి నీళ్లవుతుంది. అందుకని ఒంటిపొర టెంటు వద్దు, లోపల జాలీ, బయట విడిగా కప్పు ఉన్నది కావాలి. వాన పడుతున్నా పైనున్న గాలి కిటికీలు మూయకూడదు. సిలికాన్ పూసిన నైలాన్ తడిస్తే సాగి వేలాడుతుంది. పడుకోబోయే ముందు తాళ్లు మళ్లీ బిగించకపోతే బయటి పొర లోపలి పొరను తాకి నీళ్లు దించుతుంది. సిలికాన్ పూసిన పాలియెస్టర్‌కు ఈ బాధ చాలా తక్కువ. రాతి నేల మీద మేకులు దిగవు, తనంతట తాను నిలబడే చట్రం ఉన్న టెంటు ఇక్కడ పనికొస్తుంది.

స్లీపింగ్ బ్యాగు విషయంలో ఈకలు నింపిన దాని కన్నా సింథటిక్ దూది నింపినది మేలంటాం. ఈక తడిస్తే ఉండలు కట్టి వెచ్చదనం పోగొట్టుకుంటుంది. నీటిని తట్టుకునేలా శుద్ధి చేసిన ఈక కూడా ఆ క్షణాన్ని కాస్త వాయిదా వేస్తుందంతే. సింథటిక్ మూడు నాలుగు వందల గ్రాములు బరువెక్కువ, పెద్దదిగా మడత పడుతుంది, ఒక రాత్రికి ఆ భారం మోయవచ్చు. ఇప్పటికే ఈకది ఉంటే వేరేది కొనక్కర్లేదు. డ్రై బ్యాగులో పెట్టి, దాన్ని పాలిథిన్ సంచిలో పెట్టండి.

వాన జాకెట్టు పైపూత అరిగితే నీరు బొట్లుగా జారకుండా గుడ్డకు పట్టేస్తుంది, అప్పుడు లోపలి చెమట బయటికి పోక జాకెట్టు కారుతోందని అనుకుంటాం. మామూలు డిటర్జెంటు కాకుండా అలాంటి గుడ్డల కోసం చేసిన సబ్బుతో ఉతికి, సన్న వేడి మీద డ్రయ్యర్‌లో 20 నిమిషాలు తిప్పితే పూత చాలావరకు తిరిగి పనిచేస్తుంది. చంకల కింద జిప్పులున్నది కొనండి. తల మీంచి దుప్పటిలా వేసుకునే పోంచో వాగు దాటేటప్పుడు కాళ్లను కనిపించనివ్వదు, వద్దు.

చిన్న వస్తువులు

ధార దగ్గర పది అడుగుల దూరం నుంచి అరిచినా వినపడదు. నలుగురిలో ప్రతి ఒక్కరి మెడలో ఈల ఉండాలి. అదీ లోపల గోళీ లేనిది. తడిసిన గోళీ అంటుకుపోతే ఈల మూగబోతుంది. 1980ల చివర్లో వచ్చిన ఫాక్స్ 40 గోళీ లేని ఈలే, నీళ్లలో ముంచి తీసినా మోగుతుంది, మోత 115 డెసిబెల్స్. బ్యాగు ఛాతీ పట్టీ బకిల్‌కు అతికించి వచ్చే ఈలలు చాలా బలహీనం. ఒక ఊదు అంటే ఆగు, రెండు అంటే రా, మూడు అంటే ఆపద అని బయల్దేరే ముందే మాట్లాడుకోండి.

తలకు కట్టుకునే దీపానికి 200 నుంచి 300 ల్యూమెన్లు చాలు. ఐపీఎక్స్4 అంటే చిలకరింపును మాత్రమే తట్టుకుంటుంది, ఐపీఎక్స్7 అయితే మీటరు లోతులో అరగంట. ఇక్కడికి రెండోదే తీసుకోవాలి. తుంపరలో, పొగమంచులో దాన్ని నుదుట పెట్టుకుంటే వెలుగు చుక్కలకు తగిలి మన కళ్లలోకే తిరిగొస్తుంది. తీసి నడుము దగ్గర చేత్తో పట్టుకుంటే దారి స్పష్టంగా కనపడుతుంది.

గ్యాస్ స్టవ్వుల్లో బటన్ నొక్కితే వెలిగే ఏర్పాటు తేమకు మొరాయిస్తుంది. లైటర్ ఒకటి, అగ్గిపెట్టె ఒకటి వేరువేరు పొడి సంచుల్లో ఉండాలి. లీటరు నీళ్లు మరగడానికి గాలి లేని చోట 10 నుంచి 15 గ్రాముల గ్యాస్ పడుతుంది. నలుగురికి రెండు రోజులకు 230 గ్రాముల డబ్బా ఒకటి సరిపోతుంది, నీళ్లన్నీ మరిగించి తాగాలనుకుంటే చాలదు.

కొట్టుకుపోయేవాళ్లకు విసరడానికి, నీటి మీద తేలే పాలీప్రొపిలీన్ తాడు సంచి, 15 నుంచి 20 మీటర్లది, గుంపుకు ఒకటి ఉంటే మంచిదే. తాడును చేతికి చుట్టుకోకూడదు, నడుముకు కట్టుకోకూడదు. విసిరే మనిషి కాలు గట్టి నేల మీద ఉండాలి. ముందే మైదానంలో విసరడం సాధన చేయకపోతే అది వట్టి బరువు. ధార పడే మడుగులో దీన్ని చూసుకుని దిగొద్దు. తెల్లటి నురగ నీటిలో గాలి బుడగలు నిండి ఉంటాయి, ఆ నీరు మనిషిని తేలనివ్వదు, ధార అడుగున సుడి మళ్లీ మళ్లీ లోపలికే లాగుతుంది. ఈత బాగా వచ్చినవాళ్లకు కూడా ఇది వర్తిస్తుంది.

పంచుకునే లెక్క ఇలా వేసుకోండి: ఇద్దరికి ఒక టెంటు, ఒకరు గుడ్డలు, ఇంకొకరు కర్రలు, మేకులు. స్టవ్వు, గ్యాస్ మూడో మనిషికి, గిన్నెలు, తాడు నాలుగో మనిషికి. ఫిల్టర్లు రెండూ ఒకే బ్యాగులో ఉండకూడదు. మందుల డబ్బా వరసలో చివర నడిచేవాళ్ల దగ్గర ఉండాలి, ముందు పడ్డవాళ్ల దగ్గరికి వెనకవాళ్లు ఎలాగూ చేరతారు, వెనక పడ్డవాళ్ల దగ్గరికి ముందువాళ్లు వెనక్కి రావాల్సి ఉంటుంది.

తిరిగొచ్చాక ఆ రాత్రే సామాను విప్పండి. తడి టెంటు రెండు రోజులు సంచిలో ఉంటే బూజు పడుతుంది. పాలియురెథేన్ పూత ఉన్నదైతే తేమకు విడిపోయి జిగటగా, పుల్లటి వాసనతో పాడవుతుంది, ఆ తర్వాత దాన్ని బాగుచేయలేం. నీడలో పరిచి కుట్లతో సహా ఆరబెట్టాలి. షూలో కాగితం కుక్కి, రెండు గంటలకోసారి మార్చండి, ఎండలో గానీ హీటరు ముందు గానీ పెడితే అట్ట జిగురు వదులుతుంది. ఫిల్టరును మంచినీళ్లతో వెనక నుంచి కడిగి, పలచని క్లోరిన్ నీళ్లు పంపి, మూతలు తీసి పూర్తిగా ఆరనివ్వాలి. నెలల తర్వాత తీస్తే దారాలు ఎండి నీరు రాదు. అప్పుడు గంటసేపు నీళ్లలో నానబెట్టి సిరంజితో రెండుసార్లు నీళ్లు ఎక్కిస్తే మళ్లీ మొదలవుతుంది.